స్లాబు వద్దన్నారు

బంధుగాం దాటాక లారీ ఆగిపోయింది.
అక్కణ్ణించి రోడ్డు లేదు, నీళ్లు దిగిన దారి ఉంది.
బస్తా సిమెంటు ఒక తల మొయ్యలేదని
సగం సగం గోనెల్లోకి ఒంపుకుని
నలభై మంది ఆడవాళ్లు కొండెక్కారు.
వాళ్ల వెనక నేను,
సాలూరు మేస్త్రీని,
తాపీ, రసమట్టం, గుండు దారం సంచిలో వేసుకుని
రెండో మలుపులోనే కూలబడ్డాను.

కెందుపొదర్‌లో ఇదివరకొక బడి ఉండేదట.
పునాది రాళ్లు ఇంకా ఉన్నాయి, మధ్యలో గొయ్యి,
గొయ్యిలో కప్పలు.
ఎవరు పేల్చారని అడగలేదు.
ఆ కొండల్లో కూలికి వెళ్లేవాడికి
అడగకూడనివి ముందే తెలుస్తాయి.

పుల్లతో నేలమీద గీసి చూపించాను:
ఇరవై బై పదహారు, రెండు గదులు, వరండా,
పైన చదునుగా స్లాబు.
నూరేళ్లు ఉంటుందన్నాను.
మండంగి సుకురి నా గీత చుట్టూ ఒకసారి తిరిగింది.
స్లాబుని మడమతో చెరిపేసింది.

"సదునుగుంటే దానిమీదకి తుపాకి ఎక్కుతాది బాబూ.
మొదట ఖాకీ ఎక్కినాది.
ఇసక బస్తాలెట్టుకుని నెల్లాళ్లు కూకున్నాది.
పిల్లలు మేకలెంట పోయినారు.
ఖాకీ ఎక్కినాదని అడివోల్లొచ్చి కూల్సీసినారు.
రేకులెయ్యి. ఏటవాలుగెయ్యి.
పిల్లి కూడా నిలబడనేనట్టు ఎయ్యి."

ముప్ఫై ఏళ్ల పనిలో
వాన కోసం వాలు పెట్టాను, గాలి చూసి పెట్టాను.
తుపాకి జారిపోయే వాలెంతో
నాకు పని నేర్పినవాడు చెప్పలేదు.

మాఘంలో అకాలవానకి నాలుగు గోనెలు తడిసి
సిమెంటు బండలైపోయింది.
పారెయ్యబోతుంటే పిల్లలు లాక్కెళ్లి
గుమ్మం ముందు మెట్లు చేసుకున్నారు.
గోనె నేత అచ్చు ఇప్పటికీ వాటిమీద కనబడుతుంది.

ఇసక వాగుది, రాయి కొండది.
వెన్నుగాడి దగ్గరే పని ఆగింది.
ఎగువ గూడెంలో వడేకా పూలో కొడుకు అడవిలో ఉన్నాడు.
దిగువ గూడెంలో సుకురి మనవడు ఖాకీలో చేరాడు.
ఒకే ఊటనీళ్లు తాగుతారు గానీ
రెండేళ్లుగా ఒకరి కుండ ఒకరు ముట్టరు.
ఆ గుగ్గిలం మానుకి ఇవన్నీ ఏం తెలుసు?
ముందు కొసన పూలో, వెనక కొసన సుకురి,
మధ్యలో ఇంకో నలుగురు.
అడుగు కలవకపోతే అందరూ పడతారు.
దారంతా ఒక్క మాట లేదు.
దించేటప్పుడు మాత్రం ఎవరో
"నిమ్మళం" అన్నారు.
ఎవరన్నారో నేను చూళ్లేదు.
చూసినా మీకు చెప్పను.

బడి తెరిచిన మూడోనాడు తొలకరి.
గోడకి రెండో పూత సున్నం వేస్తున్నాను.
చినుకు రేకు మీద పడిందో లేదో
టపటపటపటప.
పిల్లలందరూ నేలకి బోర్లా,
చేతులు చెవులమీద, తలలు గోడవైపు,
ఎవరూ చెప్పకుండానే ఒకే వరసలో
బాగా వచ్చిన పాఠం అప్పజెప్పినట్టు.
నిరాకార్ మాస్టారు సుద్దముక్కతో నిలబడిపోయాడు.
ఆయనకి కువి రాదు, వాళ్లకి ఒడియా రాదు.
"వానర్రా! వాన!" అని నేను అరిచాను.
నా తెలుగు ఆ మోతలో ఎవడికి కావాలి?

పూలో మనవరాలు జిల్లి, ఏడేళ్లుంటాయేమో,
ముందు తల ఎత్తింది.
గుమ్మం దాకా పాకి బయటికి చెయ్యి చాపింది.
తడి అరచెయ్యి తెచ్చి
పక్కవాడి మెడమీద పెట్టింది.
వాడు కెవ్వుమన్నాడు.
తర్వాత నవ్వాడు.
ఆ తడి ఒకరి నుంచి ఒకరికి తిరిగి తిరిగి
చివరికి మాస్టారి బుగ్గమీదికొచ్చింది.
మోత తగ్గలేదు.
తగ్గేలా లేదని వాళ్లే గొంతు పెంచారు:
ఏక్, దుయి, తిని, చారి,
ఎగువ గూడెం మేకలు తలతిప్పి చూసేంత గట్టిగా.

పని అయిపోయి ఇంటికొచ్చేశాను.
మాది స్లాబిల్లు. నేనే పోసుకున్నాను,
ఐదంగుళాల మందం.
రాత్రి వాన పడిందని
పొద్దున ముంగిట్లో నీళ్లు చూస్తేగానీ
తెలియలేదు.